పెనుకొండ గడి

శుక్రవారం పొద్దున ప్యాసింజరు రైలు దిగి, తమలపాకుల గంప నెత్తిన పెట్టుకుని కదిరప్ప వీధి మలుపు తిరిగే వేళకు షాహిస్తా చేతిలో ఎంత పని ఉన్నా పక్కన పెట్టేది. కంప్యూటర్లో పెళ్లిపత్రిక సగం కొట్టి ఉంటే అలాగే వదిలేసేది. పొయ్యి మీద పప్పు ఉంటే మంట తగ్గించి వచ్చేది. కదిరప్ప గడప ముందర గంప దించి, తలగుడ్డతో మెడ తుడుచుకుని, ఆకుల ధర చెప్పినంత మామూలుగా చెప్పేవాడు.

"ఏనుగు రొద్దం పోయిందంట."

కదిరప్పకు చదరంగం రాదు. పెనుకొండలో గోవిందప్ప అరుగు దగ్గర ఒక మాట ఎత్తుకోవడం, హిందూపురంలో ఇమాం గడప దగ్గర దించడం, ఇక్కడి మాట తీసుకుపోయి అక్కడ దించడం. ఆకుల మోతతో పాటు అదొక మోత.

ఇమాం షాహిస్తాకు మామ. వయసులో ఉన్నప్పుడు దూదేకే విల్లు భుజాన వేసుకుని ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పరుపులు కుట్టినవాడు. ఒక వానాకాలం పెనుకొండలో గొర్రెల గోవిందప్ప అరుగు మీద చిక్కుబడిపోయి చదరంగం నేర్చుకున్నాడు. దూది తడిసింది, పని లేదు, వాన వదలదు. ఆ అరుగు మీద కుదిరిన స్నేహం నలభై ఏళ్లు నడిచింది. ఇమాం పరుపు గుడ్డల ముక్కలతోనే రెండు చదరంగం బట్టలు కుట్టాడు, ఒకటి తనకు, ఒకటి గోవిందప్పకు. ఒక గడి చారల గుడ్డ, ఒక గడి తెల్ల గుడ్డ. గడులకు ఇద్దరూ కలిసి తాము తిరిగిన ఊళ్ల పేర్లు పెట్టారు. ఒకరు దూది కోసం, ఒకరు మేత కోసం తిరిగిన ఊళ్లవి. ఇమాం వైపు వరుసలో హిందూపురం. గోవిందప్ప వైపు మూలన పెనుకొండ. మధ్యలో పరిగి, గోరంట్ల, రామగిరి, ఆమడగూరు. అందుకే వాళ్ల గుర్రాలు ఊళ్లు పోయేవి, బంట్లు పొలిమేరలు దాటేవి.

ఇంట్లో ఫోన్ పెట్టించాక కొడుకు, షాహిస్తా భర్త జమీర్ అడిగాడు, "ఫోన్లోనే ఆడుకోవచ్చు గదా నాయనా?" అని.

"ఫోన్లో ఆడితే ఆలోచించేదెప్పుడురా? మీటరు తిరగతానే ఉంటుంది" అన్నాడు ఇమాం.

పోయిన ఎండాకాలం ఇమాంకు కుడిచెయ్యి, సగం మూతి పడిపోయాయి. జమీర్ బెంగుళూరులో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఉండి ఆదివారాలకే వచ్చేవాడు. అత్త పోయి చాలా ఏళ్లయింది. కాబట్టి మామకు స్నానం, అన్నం, మాత్రలు అన్నీ షాహిస్తా చేతి మీదే. చదరంగంలో కాయలు జరపడం కూడా. మామ ఎడమ చేతి వేలు చూపించిన గడి పేరు ఆమె పలికేది, ఆయన తలాడించాక కాయ జరిపేది. అలా అరవై నాలుగు ఊళ్లూ ఆమెకు వచ్చేశాయి.

"ఇది ఆఖరాట పాపా" అన్నాడాయన ఒకరోజు, నవ్వుతూనే. "ఇది అయిపోతే నాకింగేం పనుండాది?"

ఆ నవ్వు షాహిస్తాకు నచ్చలేదు. కదిరప్ప రాని వారం మామ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేవాడు. వచ్చిన వారం రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు. ఆస్పత్రిలో డాక్టరు ఇచ్చిన మాత్రల కన్నా ఆ తమలపాకుల గంపలోని మాటే ఆయన్ను కూర్చోబెడుతోందని ఆమెకు తెలుసు. ఆట నడిచినంత కాలం మామ ఉంటాడు. మరి ఆట ఇంకెంతకాలం నడుస్తుంది?

అది తెలుసుకోవడానికే ఆమె కంప్యూటర్లో చదరంగం తెరిచింది. జమీర్ తెచ్చిన ఏదో పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో ఉండేది ఆ ఆట. ఏ కాయ ఎక్కడుందో పెట్టి అడిగితే, చివరిదాకా లెక్క వేసి చెబుతుంది. షాహిస్తా మామ బట్ట పక్కన నిలబడి ఒక్కొక్క ఊరినే చూసుకుంటూ కాయలన్నీ తెర మీద పేర్చింది. యంత్రం ఆలోచించడం మొదలుపెట్టింది. అంతలో కరెంటు పోయింది. మళ్లీ పేర్చింది. మళ్లీ పోయింది. పోయినప్పుడల్లా యంత్రం అప్పటిదాకా ఆలోచించిందంతా మరిచిపోయి మొదటికి వచ్చేది. చివరికి వినాయక చవితి రోజు, పందిళ్ల కోసం ఊరంతా కరెంటు తీయకుండా ఉంచినప్పుడు, సాయంత్రం చాయ్ పెట్టుకుని వచ్చి చూసేసరికి తెర కింద లెక్క తేలి ఉంది.

పదిహేడు ఎత్తుల్లో ఆటకట్టు. కట్టుపడేది ఇమాం రాజుకు.

ఆమె చాయ్ పక్కన పెట్టి, మీట నొక్కుతూ ఒక్కొక్క ఎత్తే చూసింది. గోవిందప్ప ఏనుగు చెక్ చెబుతుంది. రాజు పక్కకు జరుగుతాడు. గుర్రం వస్తుంది. రాజు ఇంకో గడికి జరుగుతాడు. ప్రతిచోటా రాజుకు ఒక్కటే గడి మిగిలి ఉంటుంది. ఆ గడుల పేర్లు ఆమె నోట్లోనే అనుకుంటూ పోయింది. హిందూపురం. పరిగి. సోమందేపల్లి దాకా వచ్చి రొద్దం మీదుగా వెనక్కి. మళ్లీ సోమందేపల్లి. చివరికి బట్ట మీద అవతలి మూల, పెనుకొండ. అక్కడ కట్టు.

రొద్దం తిరుగుడు తీసేస్తే, అది పెనుకొండ బస్సు పోయే దారి.

షాహిస్తాది ధర్మవరం. మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగి, అక్కడే బీఎస్సీ చదివింది. మగ్గం పైన దండలా వేలాడే చిల్లుల అట్టలు ఆమెకు గుర్తొచ్చాయి. నేసేవాడు కాలు తొక్కితే ఒక అట్ట తిరుగుతుంది, దాని వెనక ఇంకోటి. అంచు మీద నెమలి రావాలో, మామిడిపిందె రావాలో ఆ అట్టల్లో ముందే ఉంటుంది. నేసేవాడి చెయ్యి ఊరికే ఆడుతుంటుంది. చిన్నప్పుడు ఆ అట్టలు తిరుగుతుంటే ఆమె భయపడి గుమ్మం దాటి లోపలికి పోయేది కాదు.

ఆ శుక్రవారం కదిరప్ప వచ్చాడు. "ఏనుగు పరిగి పక్కన కొడికొండకంట" అన్నాడు. యంత్రం చెప్పిందదే. ఆ మరుసటి వారం కూడా యంత్రం చెప్పిందే వచ్చింది. ఆ పై వారం కూడా.

అప్పుడామెకు ఇంకో సంగతి తట్టింది. ఇదివరకు గోవిందప్ప ఎత్తు ఒట్టిగా వచ్చేది కాదు, వెనక ఒక తిట్టు తోకలా వచ్చేది. "మంత్రి గోరంట్ల. ఏమబ్బా సాయిబూ, నీ ఏనుగుకు మేత లేక పండుకోబెట్టినావా?" "శకటు మడకశిర. నీ మంత్రికి మోకాళ్ల నొప్పులంట గదా, జిల్లేడాకు కట్టు." ఆ తిట్లకు మామ సగం మూతితోనే పొట్ట ఎగిరేలా నవ్వేవాడు. ఆషాఢం నుంచి తిట్లు లేవు. ఎత్తు మాత్రమే వస్తోంది.

"ఇంకేమీ చెప్పలేదా కదిరప్పా?"

కదిరప్ప ఆకుల మీద తడిగుడ్డ సర్దాడు. "అంతే చెప్పమన్నారమ్మా" అన్నాడు.

దసరా తర్వాత ఒక రోజు మామ ఆమెను కాయ ముట్టనివ్వలేదు. తన ఎడమ చెయ్యే వణుకుతూ చాచి, రాజును ఎత్తి, గుర్రం దూకినట్టు దూకించి గోరంట్లలో పెట్టాడు. షాహిస్తా తెల్లబోయింది. తర్వాత గుర్తొచ్చింది. వాళ్ల అరుగుల ఆటలో రాజుకు ఆట మొత్తానికి ఒక్కసారి ఆ దూకు ఉంది, చెక్‌లో ఉన్నా సరే. మామ ఎప్పుడో చెప్పాడు, ఆమే మరిచిపోయింది. యంత్రానికి అసలు తెలియదు. దానికి బయటి ఆటే తెలుసు.

"పట్టుకోమను వాణ్ణి ఇప్పుడు!" అన్నాడు ఇమాం. చాలా రోజుల తర్వాత పొట్ట ఎగిరేలా నవ్వాడు.

"రాజు దూకినాడు, గోరంట్లకు" అని కదిరప్పతో చెప్పేటప్పుడు షాహిస్తా గొంతులో కూడా ఆ నవ్వు ఉంది. యంత్రం చెప్పిన పదిహేడెత్తులూ చెదిరిపోయాయి. అయినా ఊరుకోలేక ఆ మధ్యాహ్నం కాయలు కొత్తగా పేర్చింది. దూకు అయిపోయింది కాబట్టి ఇక యంత్రానికి తెలియనిదేమీ లేదు. ఈసారి అది ఎక్కువసేపు తీసుకోలేదు. కరెంటు పోకముందే లెక్క తేల్చింది. ఆటకట్టు, ఇమాం రాజుకే. గోరంట్ల నుంచి బుక్కపట్నం, కొత్తచెరువు, రామగిరి చుట్టి, చివరికి అదే మూల. పెనుకొండ.

శుక్రవారం కదిరప్ప తెచ్చిన మాట తెర మీద ఉన్న మొదటి ఎత్తే.

ఆమె ఇక ఆగలేకపోయింది. పెనుకొండలో బాబయ్య దర్గాకు పోయొస్తానని మామతో చెప్పి, పక్కింటి భాగ్యను చూసుకోమని, సోమవారం బస్సెక్కింది. గోవిందప్పను ఆమె చూసింది తన పెళ్లిలో ఒక్కసారే. కాళ్లు పట్టుకునైనా అడగాలనుకుంది, ఒక్క తప్పు ఎత్తు వెయ్యమని. ఒక్క వారం తప్పు ఆడితే ఆట సాగుతుంది. బస్సు పరిగి దాటింది. సోమందేపల్లి దాటింది. ఊరి పేరు కండక్టరు అరిచినప్పుడల్లా ఆమె ఆ గడిని తలుచుకుంది.

అరుగు మీద ఒక ముసలామె గొర్రెబొచ్చులో పల్లేరుకాయలు ఏరుతూ కూర్చుని ఉంది. గోవిందప్ప భార్య ఈరక్క.

"సాయిబు కోడలివా? రామ్మా, కూసో" అంది, ఎవరని అడగకుండానే.

"పెద్దాయన యాడమ్మా?"

ఈరక్క ఒక ముల్లు ఏరి పక్కన పడేసింది. "ఆషాడంలోనే పాయె" అంది.

షాహిస్తా లోపలికి తొంగి చూసింది. చదరంగం బట్ట ఎదురుగా గోడ గూటానికి మడిచి వేలాడుతోంది. పరిచి లేదు.

"మరి... ఎత్తులు ఎవరు పంపిస్తాండారు?"

"ఆయప్పే."

"అమ్మా..."

"మంచాన పడినాక పనేముండాది ఆయప్పకు? ఎండాకాలమంతా ఆ బట్ట పరుచుకొని, ఇట్ల పోతే అట్ల, అట్ల పోతే ఇట్ల అని గొణుక్కుంటానే ఉండె. ఒగ దినం నగి, 'ఒసే, సాయిబుకు ఇంగ రెండే దార్లు. దూకకుంటే ఒగటి, దూకితే ఒగటి' అనె. రెండూ నా నోటికెక్కించినాడు, గొర్రెల పేర్లు ఎక్కించినట్ల. నాకు ఆట రాదమ్మా. నోటికి మాత్రం వచ్చు." ఆమె కళ్లు మూసుకుని, విసుర్రాయి దగ్గర పాడుకునే గొంతుతో మొదలుపెట్టింది. "శకటు ఆమడగూరు, ఏనుగు మడకశిర, గుర్రం పరిగి..."

వరస తప్పలేదు. అది యంత్రం చెప్పిన వరసే. తర్వాతి పేరు ఆమె పలకకముందే షాహిస్తా పెదవులు కదిలాయి.

"మా మామ పంపే ఎత్తులు?"

"అవి నాకెందుకు? కదిరప్పను ఒగటే అడుగుతా, సాయిబు రాజు దూకినాడా అని. పోయిన వారం దూకినాడనె, దారి మార్చినా. తక్కిందంతా ఆయప్ప కట్టిపెట్టి పోయిందే గదా. సాయిబుకు తాను పోయిన సంగతి ఆట అయ్యేదాకా చెప్పొద్దనె. కదిరప్ప చేత ఆకు మీద ఒట్టేయించినా."

"కాయలేవీ?"

"ఆయప్ప ఒళ్లోనే పెట్టి పూడ్చినాం."

గొర్రెబొచ్చు వాసన, ఎండ వాసన. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. షాహిస్తా ఈరక్క చేతులు పట్టుకుంది. "ఆపేయమ్మా. నీకు పుణ్యముంటుంది. ఆట అయిపోతే మా మామ ఉండడు."

ఈరక్క చేతులు వెనక్కి తీసుకోలేదు. 

"వారానికొగసారి ఆ మాట చెప్పేటప్పుడే నా నోట్లో ఆయప్ప గొంతు పలికేది. నేనాపితే ఆయప్ప ఆగిపోతాడు గదమ్మా. నీ మామ కోసరం నా మొగుణ్ణి ఆపమంటావా?"

షాహిస్తా ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, దర్గాకు కూడా పోకుండా బస్సెక్కింది.

తర్వాత వారాలు మగ్గం మీద అట్టల్లాగా తిరిగాయి. కదిరప్ప రావడం, మాట దించడం, రాజు ఒక ఊరు ముందుకు నడవడం. మామకు ఆమె ఏమీ చెప్పలేదు. పెనుకొండలో అంతా బాగున్నారనే చెప్పింది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసింది, పత్రికల పని ఉన్నప్పుడే తీసేది. రంజాన్ వచ్చి పోయింది. చలి ముదిరింది. రాజు రామగిరి దాటి, పెనుకొండ పక్క గడికి వచ్చి నిలబడ్డాడు. చెక్. మిగిలింది ఆ మూల ఒక్కటే. రాజు అందులో అడుగుపెడితే పై శుక్రవారం గుర్రం వస్తుంది, ఆట కడుతుంది.

ఇమాం ఆ రోజు చాలాసేపు బట్ట వైపే చూశాడు.

"పాపా, వీడు తప్పు చెయ్యడం లేదు" అన్నాడు. "నలభై ఏండ్లలో తప్పు లేకుండా ఒగ ఆట ఆడినోడు కాదు వాడు. ఎత్తు ఎనక్కి తీసుకుంటానని కొట్లాడేవాడు. తిట్టేవాడు. ఇప్పుడు తిట్టడం కూడా లేదు." ఆయన కళ్లు ఆమె వైపు తిరిగాయి. "నువ్వు పోయినప్పుడు వాడు బాగుండె గదా?"

"బాగుండాడు మామా."

"అట్లయితే ఈ వారం ఎత్తు పంపద్దు. నేను ఆడకుంటే వాడేం చేస్తాడో చూస్తా. బతికుండేవాడైతే అడుగుతాడు, ఏమైందిరా అని."

కదిరప్ప వట్టి చేతులతో, అంటే వట్టి నోటితో వెనక్కిపోయాడు. షాహిస్తా ఆ వారమంతా మనసులో ఒకటే లెక్క వేసుకుంది. ఈరక్క వినేది దూకు ఒక్కటే. ఎత్తు వెళ్లినా వెళ్లకపోయినా ఆమె నోట్లో తర్వాతి మాట సిద్ధంగా ఉంటుంది. మామ ఆడకపోయినా ఆట ఆగదు.

ఆమె అనుకున్నట్టే అయింది. శుక్రవారం కదిరప్ప గంప దించి, మెడ తుడుచుకుని అన్నాడు, "గుర్రం సోమందేపల్లికంట. ఆటకట్టంట."

ఆ మాట లోపలికి పోతే మామకు రెండూ ఒకేసారి తెలిసిపోతాయి. ఆట అయిపోయిందని, అవతల ఆడుతున్నవాడు లేడని. షాహిస్తా కదిరప్పకు చిల్లర ఇచ్చి, ఆకులు తీసుకుని, తలుపు దగ్గరకు వేసి లోపలికి వచ్చింది.

"ఏం చెప్పినాడు?" అన్నాడు ఇమాం మంచం మీద నుంచి.

"ఈ వారం ఏమీ చెప్పలేదు మామా."

ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. "ఆలోచిస్తాండాడు" అన్నాడు. "నేను ఆడకపోయేసరికి ఆలోచనలో పడినాడు నా కొడుకు. సచ్చినోడు ఆలోచించడు గదా పాపా." ఆ పూట రాగిసంగటి, చెనక్కాయ ఊరిమిండి పచ్చడి అడిగి మరీ పెట్టించుకుని తిన్నాడు.

షాహిస్తా వంటింట్లోకి పోయి పళ్లెం కడిగింది. ఇన్ని నెలల్లో ఎవరూ ముందే రాసిపెట్టని ఎత్తు ఇదొక్కటే అనుకుంది. యంత్రం చెప్పింది కాదు, ఈరక్క నోటికెక్కింది కాదు. తనది. ఈరక్క దగ్గర ఇక మాటలు లేవు. ఇక ఏ శుక్రవారమూ భయపడక్కర్లేదు. ఆ వారం ఆమె నిద్ర కూడా బాగా పోయింది.

పై శుక్రవారం తలుపు తీసేసరికి కదిరప్ప గంప దించి నిలబడి ఉన్నాడు. ఈసారి మెడ తుడుచుకోలేదు.

"ఇంగొకటుండాదంటమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ఆయప్ప పోయేటప్పుడే ఈరక్కకు చెప్పినాడంట. ఆఖరెత్తు ఇంట్లోకి పోదే, సాయిబు కోడలు గడప కాడనే ఆపుకుంటుంది, ఒగ వారం చూసి ఈ మాట పంపు, అని."

షాహిస్తా పెళ్లిలో ఒక్కసారి చూసిన మనిషి. ఆ రోజు ఆమె తల కూడా ఎత్తలేదు. అయినా తను ఎక్కడ నిలబడుతుందో, ఏం చేస్తుందో ఆయన మంచంలో పడుకునే చూసి, తన ముందు కూడా ఒక గడి గీసి పెట్టి పోయాడు.

"ఏం మాట?"

కదిరప్ప, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనట్టు, గోవిందప్ప గొంతుతోనే, గట్టిగా చెప్పాడు. "ఏమబ్బా సాయిబూ, తొందర లేదు. నిదానంగా రా. దారి తెలిసిందే గదా."

లోపల మంచం కిర్రుమంది. "ఎవరు పాపా? కదిరప్పనా?" మామ ఆ గొంతు విన్నాడు. తిట్టు కూడా విన్నాడు. "తిట్టినాడు గదా? తిట్టినాడా వాడు?" అంటూ ఎడమ చెయ్యి ఊతం పెట్టుకుని లేవబోతున్నాడు.

షాహిస్తా పరుగున పోయి పట్టుకుంది. మామ ఆమె చెయ్యి తప్పించి బట్ట మీదికి వంగాడు. వణికే వేళ్లతో రాజును ఎత్తి, మూలనున్న చారల గుడ్డ మీద, పెనుకొండలో నిలబెట్టాడు. నిలబెట్టి పొట్ట ఎగిరేలా నవ్వాడు.

"కదిరప్పా!" అని కేక వేశాడు వీధిలోకి. "వస్తాండానని చెప్పు వాడికి."

"అట్లేన్నా" అన్నాడు కదిరప్ప బయటి నుంచి. గంప నెత్తికి ఎత్తుకున్న చప్పుడు, చెప్పుల చప్పుడు. ఆ మాట మోసుకుపోవద్దని షాహిస్తా వెనక నుంచి పిలవాలనుకుంది. ఆమె నోరు తెరిచేసరికి అతను వీధి మలుపు తిరిగిపోయాడు.